తాడుకు మిగిలిన పిడి

జనగామలో అడగండి, మానుకోటలో అడగండి, భూపాలపల్లిలో అడగండి. నా చేతి మీదుగా ఎత్తున కట్టిన మైకు ఒక్కటి కూడా కింద పడలేదని చెబుతారు. ముప్పై ఐదేళ్లు మైకు సెట్టు నడిపాను. నర్సింహులపేటలో నీళ్ల ట్యాంకు మీద బూర కట్టి నేను ‘హలో’ అంటే, దంతాలపల్లిలో మంచం మీదున్న ఒక ముసలాయన లేచి కూర్చుని ‘ఎవలు పిలిచిండ్రు?’ అని కోడలిని అడిగాడు.

ఈ మాటలు చాయ్ హోటళ్లలో చెప్పాను, బస్టాండుల్లో చెప్పాను, ఒకటి రెండు చావుల దగ్గర కూడా చెప్పాను. ఇప్పుడు కొంత సరిచేస్తాను. ముప్పై ఐదేళ్లు కాదు, ఇరవై ఆరు. మిగిలిన తొమ్మిదేళ్లు మా నాయినవి. సెట్టుతో పాటు ఆయన ఏళ్లు కూడా నాకే వచ్చాయని కలుపుకున్నాను. దంతాలపల్లి ముసలాయన ఆ పొద్దు నర్సింహులపేటలోనే ఉన్నాడు, ఆ ట్యాంకు కిందనే. ఇక ‘ఒక్కటి కూడా పడలేదు’ అన్న మాట ఉంది చూశారా, దాన్ని సరిచేయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఈ రాతంతా దాని కోసమే.

పాత ఇనుప బూరలు వాడినవాళ్లకు తెలుసు. బూర వెనుక వంచిన లావు ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది, దానికి బోల్టు. అది వేలాడడానికే పుట్టిన వస్తువు. గుంజకు ఒకసారి బిగించామంటే కోతి వచ్చి కూర్చున్నా కదలదు. బూరలు పోయి డబ్బాలు వచ్చాయి. కింద చక్రాలు, లోపల బ్యాటరీ, ముందు రంగురంగుల లైట్లు, పైన పట్టుకుని మోయడానికి నల్లటి ప్లాస్టిక్ పిడి. ఒక్కోటి అరబస్తా యూరియా బరువు. ఇంట్లోంచి ఆటోలోకి, ఆటోలోంచి పందిట్లోకి లాక్కుపోవడానికి చేసినవి. డబ్బాతో వచ్చిన కాగితంలో బొమ్మ కూడా వేశారు: పైన వేలాడుతున్న డబ్బా, దాని కింద మనిషి, రెంటినీ కొట్టేస్తూ అడ్డంగా ఒక గీత. ఇంగ్లీషు రాకపోయినా ఆ గీత ఎవరికైనా అర్థమవుతుంది. నేను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, టేబుల్ ఫ్యాను ఊగకుండా దాని కాలి కింద పెట్టాను.

మా జనానికి మైకంటే పైన ఉండాలి. కింద పెడితే ‘ఇదేం మైకు, నేల మీద కూసున్నది’ అంటారు. పిల్లలు మీటలు తిప్పుతారు, కోడి ఎక్కుతుంది, ఎవరో ఒకరు దాని మీద తడి తువ్వాల ఆరేస్తారు. అందుకని మేమందరం, నేనొక్కడినే కాదు, బూరను కట్టిన అలవాటు మీద డబ్బాను కూడా పందిరి పైపుకు కట్టడం మొదలుపెట్టాం. చేతికి అలవాటైన పనిని కన్ను చూడదు. పిడి కనబడింది, తాడు దూర్చాం.

తాడు దూర్చేది బావ. నా అక్కచెల్లెళ్ల మొగుడు కాదు. దంతాలపల్లి దగ్గర మా అత్తగారి ఊరి మనిషి, నా భార్యకు ఊరి వరసలో అన్న. అట్లా నాకు బావ, ఆయనకు నేనూ బావనే. కల్లు గీసేవాడు. పొద్దున్నే తాటిచెట్లు ఎక్కి దిగి, ఆ వైపు నాకు పని తగిలినప్పుడల్లా వచ్చి పందిట్లో కట్టే పనంతా తానే చేసేవాడు. వైర్ల పని, మాటల పని నాది. ఎత్తు పని ఆయనది.

గీసేవాళ్లు నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడును మోకు అంటారు. ఆ మోకు ముడి మీద పొద్దుకోసారి ప్రాణం పెట్టి, మళ్లీ తీసుకుని దిగినవాడు ఆయన.

‘తాడు తెగి సచ్చినోణ్ణి నేను సూడలే బావా,’ అనేవాడు. ‘తాడు పట్టుకున్నది ఊడి సచ్చినోళ్లను సూసిన.’

డబ్బా పిడిని మొదటిసారి చూసినప్పుడు వేలితో అటూ ఇటూ కదిపాడు. ‘ఇది మోసెటందుకు బెట్టిండ్రు. యాలాడెటందుకు గాదు,’ అన్నాడు. ‘కిందనే పెడితె పీడ వోతది గద.’

నేను వినలేదు. వినకపోతే ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. పాలకుండకు ఉట్టి అల్లినట్టు, డబ్బా అడుగు నుంచి నాలుగు పక్కలా తాడు తెచ్చి అల్లి, బరువంతా ఆ ఉట్టి మోసేటట్టు పైపుకు వేసేవాడు. పిడికి వేసే తాడు ఊరికే తోడు. అది కూడా సరైన పని కాదని ఇప్పుడు తెలుసుకున్నాను. పైన కట్టే డబ్బాలు వేరే ఉంటాయి. వాటికి కొక్కేలు చేసేచోటే బిగించి వస్తాయి. ఆ కొక్కెం ఊడినా డబ్బా కింద పడకుండా ఆపడానికి ఇంకో ఉక్కు తాడు విడిగా ఉండాలి. అవి లేని డబ్బాను నేల మీద, మంచి స్టాండు మీద పెట్టుకోవాలి. ఇదంతా నిజం. కానీ మా దగ్గర ఉన్నంతలో డబ్బాకూ మనిషి తలకూ మధ్య అడ్డు ఆ ఉట్టి ఒక్కటే. దాన్ని తీసినవాణ్ణి నేను.

నాలుగేళ్ల కింద ఎండాకాలం. నర్సింహులపేట అవతల ఒక తండాలో పెళ్లి. పెళ్లికూతురు నాయనమ్మను తండా అంతా యాడీ అని పిలిచేది. వాళ్ల భాషలో అమ్మ అని. నేనూ అట్లానే పిలిచేవాణ్ణి. మైకు కావాలని పట్టుబట్టింది ఆమెనే.

‘సినిమా పాటలు ఎవలన్న ఏస్తరు. మా ఆడోళ్లు పాడేటియి గూడ మైకుల రావాలె. గా గుట్ట దాక వినవడాలె,’ అంది.

‘గుట్ట అవతలికి గూడ వినవడుతది యాడీ,’ అన్నాను నేను. అడిగినదానికి రెండింతలు ఇవ్వడం నా గుణం. మాటల్లో మాత్రమే.

డబ్బా కొత్తది. దాని ముందు నా సెట్టు పేరు పసుపు అక్షరాలతో అతికించి ఉంది. ఆ పెళ్లికి భూపాలపల్లి నుంచీ జనగామ నుంచీ చుట్టాలు వచ్చారు. అన్ని దిక్కుల కళ్లు ఆ పేరు మీద పడతాయని ఆశపడ్డాను. బావ ఎప్పటిలాగే ఉట్టి అల్లి డబ్బాను పైకెత్తి కట్టాడు. కింది నుంచి చూస్తే తాడు సరిగ్గా పేరుకు అడ్డంగా పోయింది.

‘బావా, గా తాడు పేరు మీదికెల్లి పోతున్నది,’ అన్నాను.

‘పోనీ. పేరు కింద పడదు గద.’

‘జర పక్కకు జరుపు.’

‘జరిపితె బరువు ఒక్క దిక్కు వోతది. వచ్చినోళ్లు పెండ్లి సూడనీకి వచ్చిండ్రా, నీ పేరు సూడనీకి వచ్చిండ్రా?’

ఆయన మంచినీళ్లకు పోయిన సందులో నేనే నిచ్చెన ఎక్కాను. ఉట్టి ముడులు ఒక్కొక్కటే విప్పాను. పిడికి వేసిన తాడు ఒక్కటి మిగిలింది. డబ్బా నిటారుగా నిలిచింది, పేరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా కనబడింది. దిష్టి తగలకూడదని నిమ్మకాయ, మిరపకాయల దండ కూడా దానికి వేలాడదీశాను. ఆ దండ జారిపోకుండా రెండు ముడులు వేశాను. అరబస్తా బరువుకు ఒక తాడు, నిమ్మకాయకు రెండు ముడులు.

మధ్యాహ్నం ఆడవాళ్లు పాటలకు కూర్చున్నారు. యాడి మైకు దగ్గర, అంటే డబ్బా కింద కూర్చుంది. ఆమె గొంతు ఎత్తగానే మిగతావాళ్లు అందుకున్నారు. ఎవరో పక్కన డప్పు కలిపారు. నేను గుట్ట దాకా అని మాట ఇచ్చాను కదా, సౌండు ఇంకా పెంచాను. డబ్బా అదురుతూ ఉంది. పిడిని పట్టుకున్నవి నాలుగు చిన్న మరలు. అవి దిగింది చెక్కపొట్టును అదిమి చేసిన పలకలోకి. ఒక్కో దెబ్బకు ఒక్కో మర ఎంత వదులైందో పైనున్న డబ్బాకే తెలియాలి. కొంత గాలి కూడా లేచింది, లేదనను.

పడ్డది. ముందు యాడి కుడి భుజం మీద, తర్వాత ప్లాస్టిక్ కుర్చీ మీద, తర్వాత నేల మీద. జానెడు ఇటు పడి ఉంటే తల.

అప్పుడు నేను చేసింది చెబుతాను. నేను ముందు ఉరికింది డబ్బా దగ్గరికి. అది మొహం మట్టిలో పెట్టుకుని పడి ఉంది, లైట్లు వెలుగుతున్నాయి. యాడి మూలుగు ఆమె చేతిలోని మైకు గుండా ఆ డబ్బాలోంచే వినబడుతోంది. అంత ఎత్తు నుంచి పడ్డా డబ్బా ఆగలేదే, ఎంత గట్టిదో అని ఒక్క క్షణం గర్వపడ్డాను. తర్వాతనే ఆ గొంతు ఎవరిదో తెలిసింది. నా వయసులో చాలా మరచిపోయాను, ఆ క్షణం మాత్రం పోదు.

బావ ఒక్క ఉరుకున యాడి దగ్గరికి వచ్చాడు. భుజాన ఉన్న తువ్వాల తీసి ఆమె చేతిని మెడకు కట్టాడు, నా ఆటోలోనే మానుకోట దవాఖానకు తీసుకుపోయాడు. దారి పొడుగునా గుంత వచ్చినప్పుడల్లా ఆమె చేతి కింద తన చేయి పెట్టి పట్టుకున్నాడట. ఆ సంగతి యాడి కొడుకే తర్వాత చెప్పాడు.

ఆటో పోయాక తండా పెద్దమనిషి నా వైపు తిరిగాడు. ‘గిది ఎవలు కట్టిండ్రు?’

అందరూ నన్నే చూస్తున్నారు.

‘బావ కట్టిండు,’ అన్నాను.

అబద్ధం కాదు. పిడికి తాడు కట్టింది ఆయనే. ‘ముడి ఊడిందా మరి?’ అని ఇంకొకరు అడిగారు. నేను తల ఊపాను. ఆ ఊపు అవునో కాదో వాళ్లకే వదిలేశాను. వాళ్లు అవుననే తీసుకున్నారు, తీసుకుంటారని నాకు తెలుసు.

ఆ తల ఊపినప్పుడు నేను పైకి చూడలేదు. కాసేపటికి డబ్బా కట్టిన పైపును విప్పి, ఎవరూ పట్టించుకోకుండా నా ముందు పడేసి పోయారు. దానికి నల్ల పిడి వేలాడుతూ ఉంది, నాలుగు మరలతో, మరలకు అంటుకున్న చెక్కపొట్టుతో. తాడు తెగలేదు. ముడి ఊడలేదు. ఒక్క పోగు కూడా జరగలేదు. బావ కట్టింది కట్టినట్టే ఉంది. నా పిడే ఊడింది. నేను తాడును ముడికి జానెడు అవతల కోసి, పిడితో సహా సంచిలో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానని అడిగితే, ఎవరూ చూడకూడదని. పారేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

పొద్దుగూకే వేళకు బావ మానుకోట నుంచి వచ్చాడు. చొక్కా మీద యాడి పసుపు అంటుకుని ఉంది. నీళ్లు కూడా తాగకుండా నా పక్కన కూర్చుని, మెల్లగా అడిగాడు.

‘బావా, ముడి ఊడిందా?’

సంచి నా కాళ్ల దగ్గరే ఉంది.

‘ఏమో బావా, సూడలే,’ అన్నాను.

యాడి చేయి అతికింది గానీ భుజం దాటి లేవలేదు. అప్పటి నుంచి తల తాను దువ్వుకోలేదు, కోడలు దువ్వుతుంది. బావకు అంటుకున్నది వేరే. ‘ముడి రానోడు’ అన్నారు. తండాలో మొదలై, నర్సింహులపేట అంగట్లోకి వచ్చి, దంతాలపల్లి దాకా పోయింది. నలభై ఏళ్లు మోకు మీద బతికినవాణ్ణి ముడి రానోడు అంటే, వంటమనిషిని ఉప్పు తెలియనోడు అన్నట్టు. పందిరి కట్టడానికి పిలవడం మానేశారు. కొన్నాళ్లకు ఆయన చెట్టు ఎక్కడమూ మానేశాడు. మోకాళ్లు నొస్తున్నాయన్నాడు. కూతురు వచ్చి భూపాలపల్లికి తీసుకుపోయింది, అల్లుడు అక్కడ బొగ్గు బాయిలో పని చేస్తాడు. నేను జనగామలో నా కథ నేను చెప్పుకుంటూనే ఉన్నాను. మొదట్లో గాలి అన్నాను, తర్వాత గాలిదుమారం అయింది, ఆఖరికి ఆ రోజు తండాలో మూడు ఇండ్ల రేకులు లేచిపోయాయి. తర్వాత కథే మానేసి ‘ఒక్కటి కూడా పడలేదు’ అనడం మొదలుపెట్టాను. అది చెప్పడం సులువు.

ఈ ఎండాకాలం యాడి కొడుకు ఫోన్ చేశాడు. చిన్నబిడ్డ పెళ్లట. ‘మైకు నువ్వే తేవాలె కాకా, అమ్మ నిన్నే పిలువుమన్నది. గా ముడి రానోణ్ణి మాత్రం ఎంట తేకు.’

‘సరే బిడ్డా,’ అన్నాను.

ఫోన్ పెట్టేసి చూస్తే నా భార్య చేటలో బియ్యం ఏరుతూ చెయ్యి ఆపింది.

‘ఎవలకు ముడి రాదట?’

‘ఎవలో లే.’

‘మన పెండ్లి పందిరి మా అన్ననే కట్టిండు. పందిరి మంచిగనే నిలవడ్డది, నువ్వే వంకర నిలవడ్డవ్,’ అంది. మళ్లీ బియ్యం ఏరుతూ, నా వైపు చూడకుండా, ‘అటక మీద సంచిలున్నది నేను సూడలేదనుకుంటున్నవా? నాలుగేండ్ల సంది దులిపి మల్ల ఆడనే పెడుతున్న. తీస్కపోయి ఇయ్యి,’ అంది.

మరుసటి రోజు పొద్దున జనగామలో బస్సెక్కాను. హనుమకొండలో మారి, పరకాల మీదుగా భూపాలపల్లి. సంచి ఒళ్లో పెట్టుకున్నాను. పక్కనున్నాయన ‘ఏంది పెద్దయ్యా అది?’ అని అడిగితే, బొగ్గు బాయిలో లిఫ్టు పిడి, రిపేరుకు తీసుకుపోతున్నానని చెప్పాను. నిజం ఒప్పుకోవడానికి పోతూ దారిలో కూడా ఊరికే ఒక అబద్ధం ఆడాను.

బావ ఇంటి ముందర వేపచెట్టు నీడలో కూర్చుని మంచం అల్లుతున్నాడు. ప్లాస్టిక్ తాడు. ఆ వాడలో మంచాలన్నీ ఆయనే అల్లుతాడని కూతురు చెప్పింది. చేతులు అవే చేతులు, వేగం అదే వేగం. కానీ మోకాలి ఎత్తు దాటని పని.

‘ఏం బావా, బతికే ఉన్నవా?’ అన్నాడు.

‘నీది నీకు అప్పగించనీకి వచ్చిన,’ అన్నాను.

‘తిన్నవా?’

‘తర్వాత తింట. ముందు గిది సూడు.’

సంచిలోంచి పిడి తీసి ఆయన అల్లుతున్న మంచం మీద పెట్టాను. ఆయన దాన్ని చూశాడు. ఏమిటో తెలియడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత చేతిలోకి తీసుకుని బొటనవేలితో ముడిని ఒత్తాడు. లాగాడు. రెండు చేతులతో గట్టిగా లాగాడు. అది కదల్లేదు. మరలకు అంటుకున్న పొట్టును గోరుతో గీకి చూశాడు.

‘ఊడలేదు,’ అన్నాడు.

‘ఊడలే బావా.’

‘ఎప్పటికెల్లి ఉన్నది నీ దగ్గర?’

‘గా పొద్దుటికెల్లి.’

‘నేను అడిగిననాడు?’

‘కాళ్ల కాడ సంచిల ఉండె.’

తిడతాడనుకున్నాను. దారి పొడుగునా దానికే సిద్ధపడి వచ్చాను, నాలుగు జవాబులు కూడా పెట్టుకున్నాను. ఆయన ఏమీ తిట్టలేదు. పిడిని మంచం మీద పెట్టి, తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు.

‘లోకం అన్నదానికి గాదు బావా నేను చెట్టు దిగింది,’ అన్నాడు. ‘లోకం ఏదో ఒకటి అంటనే ఉంటది. నాకే నమ్మకం పోయింది. పైకి ఎక్కినంక మోకు ముడి మీద చెయ్యి పెట్టి సూసుకునుడు మొదలువెట్టిన. ఒకసారి సూసి, రెండుసార్లు సూసి. గట్ల సూసుకుంట చెట్టు మీద నిలవడ్డోడు గీయలేడు. కాళ్లు వణికినయి. ఇగ దిగిన. మోకాళ్లని అబద్ధం చెప్పిన.’

నాకు తెలిసిన అబద్ధాలన్నిటిలోకి అది ఒక్కటే ఎవరికీ కీడు చేయనిది. అదీ ఆయన ఆడింది.

‘ఇప్పుడెక్కుతవా?’ అన్నాను. అడగకూడని మాటే.

‘ఇప్పుడు నిజంగనే మోకాళ్లు పోయినయి,’ అన్నాడు.

ఆయన కూతురు అన్నం పెట్టింది. పప్పు, మామిడికాయ తొక్కు. ఇద్దరం తిన్నాం. చెయ్యి కడుక్కుని ఆయనే అన్నాడు. ‘నాకు చెప్పినవ్. నాకు చెప్తే ఏమొస్తది? తండల ఎవలు చెప్తరు?’

‘పెండ్లికి పోయినప్పుడు చెప్త.’

‘నువ్వు చెప్పవ్. ఆడికి పోయి ఇంకేదో చెప్తవ్. ఇప్పుడు చెప్పు, నా ముందల.’

ఫోన్ తీశాను. యాడి కొడుకు ఎత్తాడు. అమ్మకియ్యి బిడ్డా అన్నాను. బావ ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, గొంతు అందరికీ వినబడే మీట నొక్కి మంచం మీద పెట్టాడు, పిడి పక్కన. అటు నుంచి మేక అరుపు, పిల్లల మాటలు, తర్వాత యాడి గొంతు.

‘ఎవలు? మైకాయనా? ఏంది, తారీకు మరిచినవా?’

‘మరువలే యాడీ. ఒక మాట చెప్పేది ఉండె. గా పెండ్లిల డబ్బా పడ్డది సూడు, బావ ముడి ఊడి పడలే. ముడి ఉన్నది ఉన్నట్టే ఉన్నది. పిడి ఊడింది. డబ్బాకు ఆయన ఉట్టి అల్లిండు. నా పేరు కనవడుతలేదని నేనే నిచ్చెన ఎక్కి, నా చేత్తోని ఉట్టి విప్పిన. బావ ఆడ లేనే లేకుండె, మంచినీళ్లకు పోయిండు. తప్పంత నాదే, సగం గూడ ఆయనది గాదు. నేను ముడిని సంచిల దాచిన. జర గాలి గూడ ఉండె గని, గాలి లేకున్న పడుతుండె యాడీ. ఆయన దేవుడసొంటి మనిషి...’

‘ఆగు,’ అన్నాడు బావ.

ఫోన్ తన ముందుకు జరుపుకున్నాడు.

‘యాడీ, నేను మాట్లాడుతున్న. ఈయన నిచ్చెన ఎక్కలే. ఈయనకు మూడో మెట్టు ఎక్కితె కండ్లు తిరుగుతయి. ఎక్కింది నేను. ఉట్టి విప్పింది నేనే, నా చేత్తోని. ఈయన కిందికెల్లి విప్పు విప్పు అన్నడు. వద్దని ఒక్కసారి అన్న, రెండోసారి అనలే. తిట్టి ఇంటికి పోవాల్సింది, పోలే. నేను మంచినీళ్లకు గూడ పోలే, ఆడనే ఉన్న. ముడి మాత్రం నాది ఊడలే. గంతే.’

నేను నోరు తెరిచాను. బావ చెయ్యి అడ్డం పెట్టాడు. నా తప్పును కూడా నేను కొంచెం పెద్దది చేసుకుని, ఆయన వంతు లాక్కున్నానని అప్పుడు తెలిసింది. పైన మీకు కూడా అట్లానే రాశాను. ఆయనకు కావలసింది ఆయన వంతే. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

యాడి ఫోన్ పక్కకు జరిపి కొడుకుతో వాళ్ల భాషలో ఏదో అంది. కొడుకు ఏదో అన్నాడు. ఆమె గట్టిగా, ఈసారి తెలుగులోనే, మాకూ వినబడాలనే అన్నట్టు, ‘ఇన్నవు గద? ముడి ఊడలేదట. ఇగ గా మాట ఈ ఇంట్ల అనొద్దు,’ అంది.

తర్వాత మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చింది.

‘మైకాయనా, ఉన్నవా?’

‘ఉన్న యాడీ.’

‘గాలి అంటున్నవ్. గాలేడిది? ఆనాడు ఆకు గూడ కదల్లే. చెమటకు కండ్లు మండుతుంటె ఇసనకర్ర ఇయ్యుమని నేనే అడిగిన. నాకు చెప్తవా? దాని కింద కూసున్నది నేను.’